వెయిటింగ్ లిస్టు, మూడో భాగం

నవంబర్ 26, 2000. ఆదివారం

ఆరాధన అయ్యాక చర్చి కమిటీ కూర్చుంది. లేచేసరికి నా నెత్తిన తీర్మానం. "క్రిస్మస్ ట్రీ ప్రోగ్రాంలో సత్రం స్కిట్, మూడో భాగం. రచన, దర్శకత్వం: సామ్‌సన్." సెక్రటరీ ప్రభుదాస్ అంకుల్ స్వహస్తాలతో రాశారు. కింద "కామెడీ తగ్గరాదు" అని రాసి, గీత కూడా గీశారు.

తీర్మానం చేస్తే హాస్యం పుడుతుందా... ఇద్దరు మగపిల్లల తర్వాత ఆడపిల్ల కావాలని మా ఇంట్లోనూ ఒక తీర్మానం జరిగింది. వచ్చింది నేను.

నవంబర్ 27

భావి పరిశోధకుల సౌకర్యార్థం చరిత్ర రాసిపెడుతున్నాను.

మొదటి భాగం, రెండేళ్ల కిందట. అసలది కామెడీయే కాదు. జనాన్ని ఏడిపించాలని నేను రాసిన గంభీరమైన నాటిక. యోసేపు, నిండు నెలల మరియ బేత్లెహేములో సత్రం తలుపు తడతారు. సత్రం యజమాని "స్థలం లేదు" అనాలి. రెండే మాటలు. వేషం జయరాజ్ అంకుల్‌ది. సర్వీసంతా సికింద్రాబాద్ స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్లోనే గడిపిన మనిషి. లైట్లు పడగానే ఆ రెండు మాటలూ మర్చిపోయారు. కళ్లజోడు పైనుంచి చూశారు. డ్యూటీ గొంతుతో —

"వెయిటింగ్ లిస్టమ్మా. చార్టు తయారయ్యాక రండి."

చర్చి దద్దరిల్లిపోయింది. పాస్టరు అయ్యగారు గౌరవం కాపాడుకోవడానికి ఆర్గన్ వెనక్కి వెళ్లి నవ్వారు. ఆ సాయంత్రం నుంచి నేను హాస్యరచయితను.

రెండో భాగం, నిరుడు. అన్నీ రెట్టింపు. తత్కాల్, లేడీస్ కోటా, సైడ్ బెర్తు, ఇంకా ఒక నిజం మేక. మేక దేవదూత రెక్క తినేసింది. మొదటిసారి కన్నా ఎక్కువ నవ్వారు.

మిగిలిన రైల్వే జోకులు: ఏమీ లేవు.

నవంబర్ 30

ఒక లైను రాశాను. కొట్టేశాను. కొట్టేసిన గీత బాగా వచ్చింది.

డిసెంబర్ 2

మూడోది ఎందుకు తన్నేస్తుంది — ఈ విషయం మీద ఈ లోకంలో నాకన్నా అర్హుడు లేడు.

మా ఇంటి ఆల్బం తీసి చూశాను. పెద్దన్నయ్యవి: ఉయ్యాల్లో, తొట్టిలో, డాడీ భుజం మీద, మొదటి పన్నుతో, పన్ను ఊడాక. చిన్నన్నయ్యవి ఓ పది. నాది ఒకటి. అందులోనూ ఎవరిదో పెళ్లి. మూలన కుర్చీ కింద కనిపిస్తున్న కాలు నాదేనని మమ్మీ ప్రమాణపూర్వకంగా చెబుతుంది.

డాడీ లెక్కల మాస్టారు కదా, నన్ను పరిచయం చేసేటప్పుడు కూడా ఒక క్రమం ఉంటుంది. "పెద్దవాడు బెంగుళూర్లో సాఫ్ట్‌వేర్. రెండోవాడు మాదాపూర్లో సాఫ్ట్‌వేర్. వీడు..." ఇక్కడ కండువా సర్దుకుంటారు. "వీడు స్కిట్లు రాస్తాడు."

మొదటివాడు ఎలా ఉన్నా ముద్దే. రెండోవాణ్ణి మొదటివాడితో పోలుస్తారు. మూడోవాడు వచ్చేసరికి అందరికీ కథ తెలిసిపోయి ఉంటుంది.

డిసెంబర్ 3, ఆదివారం

ప్రభుదాస్ అంకుల్ పక్కకి పిలిచారు. "చూడు బాబూ, ఈసారి పండకపోతే వచ్చే సంవత్సరం నుంచి స్కిట్ ఆపేద్దాం. ప్రొజెక్టర్ పెడదాం. కంప్యూటర్లో నక్షత్రం తిరుగుతుంది."

పోతే పోనీ అనబోయాను. అంతలో జయరాజ్ అంకుల్ ఎదురొచ్చారు. "ఏరా అబ్బాయ్, నా డైలాగులేవీ? ఈసారి కాస్త ఎక్కువ రాయి. ఇప్పుడు తీరికేగా!" సెప్టెంబర్లో రిటైరయ్యారు. ఆంటీ వెనకాల నుంచి, "తీరికా? పొద్దున్నే ఇన్‌షర్టు వేసుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటారయ్యా. కాఫీ కావాలా అంటే 'నెక్స్ట్' అంటారు!" ఆవిడ నవ్వింది. ఆయనా నవ్వారు, కొంచెం ఆలస్యంగా.

ఆయనకి మిగిలిన కౌంటర్ ఇదొక్కటే. దానికి మూత పడకుండా చూడాల్సింది నేను. ప్రభువా, నీకు ఇంకెవరూ దొరకలేదా...

డిసెంబర్ 6

మౌలాలి నుంచి సైమన్ వచ్చాడు. మూడేళ్లుగా వాడే యోసేపు, వేరెవరికీ అంత గడ్డం లేదు. స్క్రిప్టు చదివాడు. గడ్డం గోక్కున్నాడు.

"ఏందిర సామూ గిది? చదువుతుంటే నాకే బుగులైతుంది."

"ఏం, భయమేసేంత బాలేదా?"

"అందరికి తెల్సిన లైనే కదర. అంకుల్ నోరు తెరవకముందే చర్చంత ఒర్రుతది, సూడు."

"మరి ఆ లైను తీసేద్దామా?"

"తీసేస్తే కొడ్తరు బై."

పెడితే తెలిసిపోతుంది, తీస్తే తంతారు. మూడో భాగం బతుకంతా ఈ రెండింటి మధ్యనే.

డిసెంబర్ 8

ఇంట్లో: "మోండా మార్కెట్‌కి వెళ్తున్నా. స్కిట్లో ముగ్గురు జ్ఞానులకి కిరీటాలు కొనాలి."

వెళ్లింది బేగంపేట. ఇంటర్వ్యూ. ఇంతకుముందువీ ఇలాగే ఇంట్లో తెలియవు. రిహార్సల్స్, గడ్డాలకి దూది, క్యారల్స్ — ఈ చర్చి నాకు ఎన్ని అబద్ధాలు ఇచ్చిందో. చెప్పి వెళ్తే రాలేదని కూడా చెప్పాలి కదా.

వేసుకున్నది వంశపారంపర్యమైన ఇంటర్వ్యూ చొక్కా. పెద్దన్నయ్యకి ఉద్యోగం తెచ్చింది. చిన్నన్నయ్యకీ తెచ్చింది. నా దాకా వచ్చేసరికి అలసిపోయింది.

అయినా మొదటి రౌండ్ బాగానే జరిగింది. మధ్యాహ్నం రెండోది ఇంకా బాగా. చివర్లో మామూలు మాటే. "బయోడేటా ఇచ్చి వెళ్లండి. మేమే కాల్ చేస్తాం." ఈ మాట అనేవాళ్లందరికీ ఒకటే గొంతు ఎలా వస్తుందో.

వచ్చేటప్పుడు నిజంగానే మోండా మార్కెట్లో దిగి కిరీటాలు కొన్నాను. అబద్ధమైనా అందులో నిజాయితీ ఉండాలి.

డిసెంబర్ 13

రిహార్సల్. ఫ్రిజ్ అట్టపెట్టెకి కిటికీ కోసి కౌంటర్ చేశాం. పైకి కిందికి కదిలే తలుపు కూడా పెట్టాం. జయరాజ్ అంకుల్ దాన్ని నాలుగుసార్లు దించి, ఎత్తి, "మా దానికన్నా ఇదే నయం" అన్నారు.

తర్వాత లైను చెప్పారు. "వెయిటింగ్..." కుడివైపు చూశారు. "...లిస్టమ్మా." ఎడమవైపు చూశారు. నవ్వు కోసం ఆగారు. ఆ ఆగిన చోట గోడ గడియారం వినిపించింది.

మొదటిసారి తాను నవ్విస్తున్నానని ఆయనకి తెలియదు. ఇప్పుడు తెలుసు. మొత్తం రోగం అదే. దీనికి నా దగ్గర మందు లేదు. "అంకుల్, మీరు నవ్విస్తారని మర్చిపోండి" అని ఎలా చెప్పను?

"ఎలా ఉందిరా?"

"సూపర్ అంకుల్."

డిసెంబర్ 17, ఆదివారం

చర్చి గేటు దగ్గర సండే స్కూల్ పిల్లలు ఆడుకుంటున్నారు. ఒకడు కౌంటర్, మిగతావాళ్లు క్యూ. "వెయిటింగ్ లిస్టమ్మా!" అని వాడు. అంకుల్ కన్నా వాడే బాగా చెప్పాడు.

మమ్మీ కబురు: ఈసారి డాడీ కూడా వస్తున్నారు. రెండేళ్లూ పేపర్లు దిద్దుకుంటూ ఇంట్లోనే ఉండిపోయారు. మొదటిది చూడలేదు, రెండోదీ చూడలేదు. సరిగ్గా మూడోదానికి...

డిసెంబర్ 20

సైమన్ ధైర్యం చెప్పాడు. "జెర పరేషాన్ గాకు. ఫ్లాపైతే మేకను మళ్ల తెద్దాం."

డిసెంబర్ 23, శనివారం

ఇంటికి రాగానే రాస్తున్నాను, లేకపోతే రేపటికి నాకే అనుమానం వస్తుంది.

చర్చి నిండిపోయింది. డాడీ మూడో వరసలో, కండువాతో సహా. నేను తెర పక్కన స్క్రిప్టు పట్టుకుని నిలబడ్డాను. మొదటి పావుగంట ఒక్కరూ నవ్వలేదు. మర్యాదగా దగ్గారు, అంతే. క్రైస్తవ ప్రేమ.

సైమనూ, మరియ వేషంలో, గర్భం స్థానంలో దిండుతో గ్రేసూ కౌంటర్ దగ్గరికొచ్చారు. "అయ్యా, రాత్రికి స్థలం ఉందా?" జయరాజ్ అంకుల్ కళ్లజోడు దించారు. నోరు తెరిచారు.

చర్చంతా ఒక్క గొంతుతో, "వెయిటింగ్ లిస్టమ్మా!"

అనేశారు. అన్నాక నవ్వడానికి ఏమీ మిగల్లేదు. పిల్లలు మళ్లీ అరిచారు. అంకుల్ నోరు అలాగే తెరిచి ఉంది. ఆయన చెప్పాల్సిన మాట అయిపోయింది. నేను తెర పక్క నుంచి, "చార్టు, అంకుల్, చార్టు!" అని గుసగుసలాడాను. వినిపించుకోలేదు. ఆ జనాన్ని చూస్తున్నారు. ముఖంలో రంగు లేదు. ఆ క్షణంలో ప్రొజెక్టరూ, తిరిగే నక్షత్రమూ నాకు స్పష్టంగా కనిపించాయి.

అప్పుడు ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. పెన్ను మూత పెట్టారు. అట్ట తలుపు సగం దించారు. అదే డ్యూటీ గొంతు, రెండేళ్లుగా వినని గొంతు —

"ఈ కౌంటర్ క్లోజు. పక్క కౌంటర్‌కి వెళ్లండి."

అని వేలు నా వైపు చూపించి తలుపు పూర్తిగా దించేశారు.

పక్క కౌంటర్ స్క్రిప్టులో లేదు. కానీ సైమన్ సికింద్రాబాద్ బిడ్డ. కౌంటర్ మారమంటే ప్రశ్నించకుండా మారే జాతి. గ్రేసు చెయ్యి పట్టుకుని గబగబా తెర దగ్గరికొచ్చి, నా చొక్కా పట్టి లైట్లలోకి లాగాడు. "అన్నా, గీడన్న రూమున్నదా?"

నా చేతిలో స్క్రిప్టు. మెడలో టై, వ్యాఖ్యాత కూడా నేనే కదా. ఎదురుగా డాడీ. నోరు దానంతటదే తెరుచుకుంది —

"మీ బయోడేటా ఇచ్చి వెళ్లండి. మేమే కాల్ చేస్తాం."

మొదట వెనక బెంచీ లేచింది. ఆ బెంచీలో కూర్చునేది మావాళ్లే. డిగ్రీ చేతిలో, ఇన్‌షర్టు ఒంటిమీద, మల్కాజ్‌గిరి నుంచి బేగంపేట దాకా ప్రతి రిసెప్షన్లో ఆ మాట విన్నవాళ్లు. బల్లలు చరిచారు. ఈలలు వేశారు, చర్చిలో! అక్కణ్ణుంచి నవ్వు ముందు వరసలకి పాకింది. అయ్యగారు ఆర్గన్ దాకా వెళ్లలేకపోయారు. కౌంటర్ తలుపు ఇంచీ పైకి లేచింది. సందులోంచి జయరాజ్ అంకుల్ కళ్లు.

డాడీ నవ్వలేదు. నన్నే చూస్తున్నారు.

బస్టాపు దగ్గర ఆయన, రోడ్డు వైపు చూస్తూ, "ఆ మాట నీతో ఎంతమంది అన్నార్రా?"

"ఏ మాట డాడీ?"

పల్లీలు కొన్నారు. పొట్లం చేతిలో పెట్టి, "తిను" అన్నారు. తనకి తీసుకోలేదు.

డిసెంబర్ 24

జయరాజ్ అంకుల్‌ని చర్చి మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"అంకుల్, నిజం చెప్పండి. మర్చిపోయారా? కావాలనే చేశారా?"

"ఎంక్వయిరీ ఇక్కడ కాదురా అబ్బాయ్. ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీద."

ఇన్‌షర్టు లేదు. చొక్కా బయటికి వదిలేశారు. ఆంటీ వెనక నడుస్తూ నా వైపు తిరిగి, "పొద్దున కాఫీ అడిగి తాగారు" అంది.

డిసెంబర్ 25

క్రిస్మస్. మొదటి కేకు ముక్క అద్భుతం. రెండోది ఆనందం. మూడోదాని గురించి రాయను. కడుపులో ఉంది.

కమిటీ ఈరోజు కూడా కూర్చుంది, పండగపూట! తీర్మానం: నాలుగో భాగం, రెండు కౌంటర్లతో. "బయోడేటా" లైను తప్పనిసరి. గీత గీశారు.

సైమన్ మాత్రం ఒప్పుకోలేదు. "మూడోది ఫ్లాపే బై. పావుగంటల ఒక్కడు సుత నవ్వలే. ఆఖర్ల నవ్విండ్రు సూడు, గది మూడోది కాదు. వేరేదేదో మొదటిది."

వాడు గడ్డంతో మాట్లాడితే ప్రవక్తలా ఉంటాడు.

డిసెంబర్ 27

ఫోన్ మోగింది. డాడీ తీశారు. ఇంగ్లీషులో నాలుగుసార్లు "ఎస్" అన్నారు. పెట్టేసి, అచ్చం స్టాఫ్ రూం గొంతుతో, "బేగంపేట వాళ్లు. ఎల్లుండి పదింటికి రమ్మన్నారు. కాల్ చేస్తాం అన్నారటగా. చేశారు."

మమ్మీ: "బేగంపేటేంటి? కిరీటాలకి మోండా మార్కెట్ కదా వెళ్లావు?"

డిసెంబర్ 28

డాడీ సాయంత్రం జనరల్ బజార్ వెళ్లి చొక్కా తెచ్చారు. కొత్తది. లేత నీలం. పెద్దన్నయ్యకి పొడుగు చాలదు, చిన్నన్నయ్యకి బిగుతు. నాకే పడుతుంది. హాల్లో కూర్చుని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి బల్లమీద వరసగా పెడుతున్నారు, మార్కులు వేసినట్టు.

రేపటిది మూడో రౌండు. మొదటిది బాగా చేశాను. రెండోది ఇంకా బాగా చేశాను. ఆ తర్వాత ఏమవుతుందో ఈ డైరీలో నేనే రాశాను, ఆల్బం సాక్ష్యంతో సహా.

కాలర్ కింద అట్టముక్క లాగుతూ, తలెత్తకుండా అడిగారు. "ఎన్నో రౌండ్రా ఇది?"

"మొదటిదే డాడీ" అన్నాను.