పేర్లున్న కవర్లు

సెప్టెంబర్ 30, మంగళవారం. క్యారీ, అమెరికా.

ఇంటర్‌తో చదువు ఆగాక ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదు. ఇవాళ మాత్రం రాస్తున్నాను. నేను చేసిన పని దేవుడి ముందు కూడా నోటితో చెప్పలేకపోయాను.

మావారు పోయి ఏడాది దాటింది. పాత కామిక్ పుస్తకాల డబ్బాలు వదిలి వెళ్ళారు. అన్నీ జంతువుల బొమ్మలే. రొట్టెల కొట్టు నడిపే రకూన్, టై కట్టుకున్న తాబేలు. మేం పుట్టకముందువి. గీసినవాళ్ళ పేర్లు వాటిలో ఎక్కడా ఉండవు, కంపెనీ పేరొక్కటే. ఆఫీస్ నుంచి రాగానే మావారు భూతద్దం పట్టుకుని కూర్చునేవారు. ఈ తోక గీసిన చెయ్యి వేరు, ఆ చెవి గీసిన చెయ్యి వేరు అనేవారు. ఎవరి చెయ్యో తేలితే ఆ పేరు స్టిక్కర్ మీద రాసి, పైనున్న ప్లాస్టిక్ కవర్‌కి అంటించేవారు. పుస్తకానికి జిగురు తగలకూడదట.

నిన్న సరస్వతీ పూజ. ఏడాది తిరిగాక మొదటి పండగ. ఆయన పుస్తకాలే అమ్మవారి ముందు పెట్టాలనిపించింది. ప్లాస్టిక్‌కి బొట్టేం పెడతాం? అన్నీ కవర్లలోంచి తీశాను. ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమ పెట్టాను. నేను మానేసిన కుంకుమే. ఖాళీ కవర్లు రీసైక్లింగ్ బిన్‌లో వేశాను.

పొద్దున ట్రక్ వచ్చి తీసుకెళ్ళింది. అప్పుడు గుర్తొచ్చింది.

అక్టోబర్ 1

అనన్యకి చెప్పాను. అమ్మా, నీకేమన్నా పిచ్చా, డాడీ వర్క్ మొత్తం ట్రాష్ చేశావా అంది. కాసేపటికి సారీ అంది. ఆయన ల్యాప్‌టాప్ అంతా వెతికింది. ఏమీ లేదు. అంతా నా బుర్రలోనే ఉంది అనేవారాయన.

వచ్చే వారం ఈ పుస్తకాలు తీసుకెళ్ళడానికి యూనివర్సిటీ లైబ్రరీ నుంచి మనిషి వస్తాడు. మా వీధి చివర ఉండే ఎలెనోర్ గారి కోసం మావారు కుదిర్చిన పని అది. ఆవిడకి ఎనభై దాటాయి. వాళ్ళ నాన్న క్లారెన్స్ జీవితమంతా ఇలాంటి బొమ్మలే గీశారు. ఒక్కదాని మీదా పేరు లేదు. ఆ పేరుతో లైబ్రరీలో పెట్టిస్తానని మావారు ఆవిడకి మాటిచ్చారు. ఇప్పుడు వీటిలో ఏవి క్లారెన్స్‌వో చెప్పేవాళ్ళు లేరు.

ఏడుపు రాలేదు. చారు పెట్టాను.

అక్టోబర్ 2, దశమి

ఉద్వాసన చెప్పాను. ఇక పుస్తకాలు కదపొచ్చు. కదపలేదు.

అక్టోబర్ 5, ఆదివారం

అనన్యా నేనూ డబ్బాలు కార్‌లో వేసుకుని ఎలెనోర్ గారింటికి వెళ్ళాం. జరిగింది చెప్పాను. ఆవిడ ఒక డబ్బా తడిమి చూశారు. తనకి చూపు పోయింది కాబట్టి బొమ్మలు నన్నే చెప్పమన్నారు. ఇన్నేళ్ళలో నేను ఒక్కటీ తెరిచి చూడలేదు.

రకూన్ మేకింగ్ బ్రెడ్ అన్నాను. ఆ రకూన్‌ని వదిలెయ్ హనీ, వెనకేముందో చెప్పు అన్నారు. వెనక వంటిల్లు. కిటికీకి గళ్ళ కర్టెన్. ఒక మూల కొక్కెం ఊడి వేలాడుతోంది.

ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. అది మా అమ్మ కిటికీ అన్నారు. ఆ కొక్కెం బాగుచెయ్యలేదని అమ్మ నాన్నని చచ్చేదాకా సాధించిందట, ఆయనేమో బాగుచెయ్యకుండా బొమ్మల్లోకి ఎక్కించాడు అని నవ్వారు.

చీకటి పడేదాకా చెబుతూనే ఉన్నాను. ఆ కర్టెన్ ఇంకో మూడింటిలో దొరికింది. మిగతావన్నీ ఎవరివో.

అక్టోబర్ 9

లైబ్రరీ అతను పసుపు మరకలు చూసి మొహం చిట్లించాడు. అయినా తీసుకున్నాడు. నాలుగింటికి క్లారెన్స్ పేరు. మిగిలిన వాటికి, తెలియదు అని.

కార్డ్ మీద వెయ్యాలి, ఇవి సేకరించింది ఎవరని అడిగాడు. అనన్య ఆఫీస్‌లో ఉంది. అనన్య వాళ్ళ నాన్న అన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. పెళ్ళైనప్పటి నుంచి ఆయన పేరు నోటితో అనలేదు. ఆస్పత్రిలో కూడా అనన్యే చెప్పింది. అతను రాసుకున్నాడు.

అక్టోబర్ 17

కార్డ్ ఫొటో మెయిల్‌లో వచ్చింది. క్లారెన్స్ పేరు పెద్దక్షరాల్లో ఉంది. ఫోన్‌లో చెబితే ఎలెనోర్ గారు మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను.

కింద చిన్నగా, సేకరణ, అనన్యాస్ ఫాదర్.

అనన్య నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. మార్చమని రాస్తాను గానీ, ఒక్కసారి నీ నోటితో చెప్పమ్మా అంది. లేచి వెళ్ళి దీపం పెట్టుకున్నాను.

అక్టోబర్ 18

ఆయన డ్రాయర్‌లో ఒక ఖాళీ కవర్ మిగిలింది. ఈ కాగితాలు అందులో పెడుతున్నాను. మీ దగ్గరే దాచండి, ఎవరికీ చూపకండి.

పైన స్టిక్కర్ అంటించాను. దామోదర్ అని రాశాను.