నడి వాగులో కాలు ఆనించినందుకు

ఫిబ్రవరి 3, 1982
ఏడో తరగతికి పాఠం. భూమి అన్నిటినీ తనవైపు లాగుతుందని చెప్పాను. సమ్మక్క లేచింది. "మరి ఆకాశంల బండలు భూమి పక్కపొంటి పోతయట గద సారూ, పేపర్ల పడ్డది. వాటినెందుకు పట్టుకోదు?"
నాకు తెలియదు. ఆ మాట అనలేదు. "కూసో, మస్తు తెలివి" అన్నాను. పిల్లలంతా నవ్వారు.

ఫిబ్రవరి 5
సమ్మక్క రాలేదు.

ఫిబ్రవరి 9
ఇంకా రాలేదు. మిర్చి ఏరడానికి పోతోందట. ఏప్రిల్‌లో పరీక్ష. ఈ ఊరి నుంచి ఏడో తరగతి పరీక్ష రాసిన ఆడపిల్ల ఇంతవరకు లేదు.

ఫిబ్రవరి 14
ములుగు బస్సు దిగితే సమ్మక్క తండ్రి కొమురయ్య, సైకిల్‌తో. "ఎక్కుండ్రి సారూ."
వెనక కూర్చున్నాను. పిల్ల మాట ఎత్తలేకపోయాను. వాగు దిగుడులో సైకిల్ వదిలేశాడు — బ్రేకుల్లేవు. భయమేసి రెండు కాళ్ళూ నేలకు ఆనించాను. సరిగ్గా నడి వాగులో, ఇసుకలో దిగబడ్డాం.
"ఏంది సారూ! దిగిన జోరే అవుతలి గడ్డెక్కిస్తది. మీరే ఆపితిరి."
ఇద్దరం తోశాం. సగం గడ్డ ఎక్కాక తట్టింది… భూమి లాగుతుంది, ఆకాశంలో బండ జోరందుకుంటుంది, దారి వంగుతుంది. ఆ జోరే దాన్ని మళ్ళీ అవతలికి తీసుకుపోతుంది. చిక్కాలంటే మధ్యలో ఏదో ఒకటి జోరు తగ్గించాలి.
అక్కడే అంతా చెప్పాను. క్లాసులో ఎగతాళి చేసిన సంగతి కూడా. కొమురయ్య సైకిల్‌ను గడ్డకు ఆనించాడు.
"పిల్ల ఇంట్ల చెప్పలే సారూ… మీరే చెప్పుండ్రి దానికి."

ఫిబ్రవరి 15
బడి అయ్యాక మిర్చి చేనుకు పోయాను. "ఆ రోజు నాకు తెల్వదు బిడ్డా. మీ నాయిన సైకిల్ నేర్పింది." వాగు సంగతి చెప్పాను. కాళ్ళు ఆనించిన తీరు చేసి చూపించాను.
సాలులోంచి ఒక ముసలమ్మ — "సారు గాదే, బ్రేకు!"
ఆడవాళ్ళంతా నవ్వారు. సమ్మక్క తల వంచుకునే నవ్వింది.

ఫిబ్రవరి 16
రాలేదు. అయినా ఆ సైకిల్‌కు బ్రేకులు లేనందుకు సంతోషం.

ఫిబ్రవరి 18
పొద్దున బడి గడప దగ్గర సమ్మక్క. చంకలో మిర్చి సంచి. లోపలికి రాలేదు.
"సారూ, మరి చంద్రుడెట్ల చిక్కిండు? కాలెవలు పెట్టిండ్రు?"
తెల్వదన్నాను. ఈసారి తేలిగ్గా వచ్చింది ఆ మాట. "సుబేదారి కాలేజికి పోయి తెలుసుకొస్త. బడికొస్తేనే చెప్త."
నవ్వింది. వస్తాననలేదు. చేను దారి పట్టింది — రోజుకన్నా మెల్లగా.