నల్లబడ్డ చెలక

దంతాలపల్లి,
జూన్ 2022

ప్రియమైన రాధా,

మీ నాయన నీకు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎకరం చెలకలో పోయిన వారం దిగాను. "ఐదేండ్లు నీదే అనుకో జమునా, గడ్డి సుత మొలవని నేల, ఎవలడుగుతరు" అని నువ్వన్న మాట హరిలాల్‌కు చెబితే కాగితం రాయించుకోమన్నాడు. మానుకోట హాస్టల్లో ఐదేళ్లు ఒకే దుప్పటి కప్పుకున్న వాళ్లకు కాగితమేమిటని నా మొగుడిని కోప్పడ్డాను.

నేల మాత్రం నువ్వు చెప్పినట్టే ఉంది, గడ్డపార దిగదు. కొడకండ్లలో శ్రీపాల్ అన్న పుట్టగొడుగులు పెంచుతాడు. కోతలయ్యాక సంచుల్లో మిగిలిన వరిగడ్డిని రోడ్డు పక్కన పారబోస్తున్నాడు. అడిగితే "తీస్కపో చెల్లె, నాకు జాగ ఖాళీ అయితది" అన్నాడు. ట్రాలీలో తెచ్చి కుప్ప పోశాను. తడుపుతూ, తిరగేస్తూ నాలుగు నెలలు మాగనిచ్చి, నేలలో కలిపి దున్నాలట. ఆ వాసనకు మా అత్త చాందీ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నీ జమున


టేకుమట్ల,
జులై 2022

ప్రియమైన జమునా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఆ రాళ్ల మీద ప్రాణం పెట్టకు, పెసర్లు చల్లి వచ్చినంత తెచ్చుకో. నీకు ఉపయోగపడితే నాకదే చాలు.

ప్రేమతో, రాధ


దంతాలపల్లి,
నవంబరు 2024

ప్రియమైన రాధా,

మూడు సార్లు గడ్డి వేశాక నీ చెలక నల్లబడింది. పిడికిలిలో పట్టుకుంటే ముద్దవుతోంది, తవ్వితే వానపాములు. పోయిన నెల వాన మొహం చాటేస్తే చుట్టుపక్కల మిరప వాడిపోయింది, మనది పన్నెండు రోజులు తల వంచలేదు. చాందీ అత్త గట్టు మీద కూర్చుని "గిది గా నేలేనా" అని రెండుసార్లు అడిగింది. నువ్వొచ్చి చూడాలి.

నీ జమున


టేకుమట్ల,
డిసెంబరు 2024

ప్రియమైన జమునా,

నువ్వు చెప్పింది మా ఆయన పురుషోత్తం నమ్మడం లేదు. నాలుగు మూలల మట్టి తీసి ఒక సంచిలో పంపు. పరీక్ష చేయించి ఆ కాగితం ఆయన ముందు పెడతాను.

నీ రాధ


దంతాలపల్లి,
ఫిబ్రవరి 2025

ప్రియమైన రాధా,

మట్టి పంపి రెండు నెలలైంది. జవాబు లేదు, ఫోన్ ఎత్తవు. ఒంట్లో బాగుందా?

నిన్న ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చి చెలక కొలిచారు. "పామాయిల్ పెడ్తున్నరు. గీ మిర్చి అయినంక నువ్వు తప్పుకోవాలె" అన్నారు. "రాధకు తెల్వదు, తెలిస్తే ఊకోదు" అని పంపించేశాను.

ఇది పురుషోత్తం బావ పనే అయి ఉంటుంది. నా కోసం ఆయనతో గొడవ పడకు. ఇంకా రెండేళ్ల పైన గడువుందని మాత్రం జర నెమ్మదిగా గుర్తుచెయ్యి.

నీ జమున


టేకుమట్ల,
మార్చి 2025

జమునా,

నీకు ఇంకో అబద్ధం రాయలేక ఇన్నాళ్లు ఊరుకున్నాను. మనుషుల్ని పంపింది నేనే. ఆయన "మాటిచ్చినవ్ గదా, ఐదేండ్లు కానీ" అన్నాడు. నేనే వినలేదు. మట్టి పంపమని ఆయన అడగనూ లేదు. నీ ఉత్తరం చదివిన రోజే ఆ నేల నాదని నాకు గుర్తుకొచ్చింది.

కోపం తెచ్చుకోకు. పక్కన మా తమ్ముడి బీడు ఉంది. అది చేసుకో. బాగుచేయడం నీకు తెలుసు కదా.

రాధ


దంతాలపల్లి,
ఏప్రిల్ 2025

రాధకు,

చివరి కోత కోసి నీ నేల ఖాళీ చేశాను. ఈ ఏటికని మాగబెట్టిన కుప్పను హరిలాల్ తగలబెడదామన్నాడు. చాందీ అత్త గంప ఎత్తుకుంది. ముగ్గురం రెండు రోజులు మోసి తండా పక్కనున్న మా సొంత పది గుంటల నేలలో పోశాం. నీ తమ్ముడి బీడు నాకక్కర్లేదు.

నీ మనుషులు గడ్డి ఏటా ఎంత వేయాలని అడిగారు. కొలతతో సహా చెప్పాను. వేయడం ఆపితే మళ్లీ గట్టిపడుతుందనీ చెప్పాను. ఆ నేల నాకేం ద్రోహం చేయలేదు.

ఇక ఉత్తరాలు రాయకు.

జమున