ఇంటిపేరు అడిగిన మనిషి

ఆడి 3, ఆదివారం

అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. ఏమీ అనుకోకు, పుస్తకమా. బడిలో చదివిన మూడు తరగతులూ అరవమే, పైన రాసిన నెల పేరూ అరవమే. తెలుగు అక్షరాలు నాన్న ఇసుకలో దిద్దించినవి, నాకూ అన్నకూ. మా ఆయనకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. అందుకే ఇందులో రాస్తున్నాను.

మిల్లుకు సెలవు. పగటి ఆటకు పోయాం - ఆయన, నేను, పక్కింటి రాజమ్మక్క. పెళ్లయిన నాలుగేళ్లలో ఇది రెండో సినిమా. యుద్ధం కథ. శత్రువులకు చిక్కిన సిపాయిలు. వాళ్లచేతే రాళ్లు కొట్టించి, విమానాలు దిగే బాట వేయిస్తారు. ఆ ఖైదీల్లోనే ఒకడి మెడలో విజిల్ వేసి తక్కినవాళ్ల మీద పెద్దను చేస్తారు. వాడు విజిల్ ఊదినప్పుడల్లా సినిమా టెంటంతా తిట్లు. రాజమ్మక్క అయితే లేచి నిలబడి - "వీని చెయ్యి పడిపోను! సొంతోళ్లనే ఎద్దుల్ని తోలినట్ల తోల్తాడే!"

పక్కకు చూశాను. ఆయన లేరు.

ఇంటికొస్తే గడప మీద కూర్చుని ఉన్నారు. చొక్కా చెమటతో తడిసి... తలనొప్పి అన్నారు. అంతే.

ఆడి 4, సోమవారం

కుళాయి దగ్గర రాజమ్మక్క - "ఏమ్మే, మీ ఆయన పడం నడాన లేచిపాయనే? హీరోయిన్ని చూసి సిగ్గు వచ్చిందా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన పొద్దున తినలేదు. మిల్లు సంగు, అదే సైరను, ఊదకముందే వెళ్లిపోయారు.

ఆడి 6, బుధవారం

మదురై నుంచి అమ్మ కార్డు. ఎవరిచేతో రాయించింది. శుక్రవారం బస్సుకు వస్తుంది. వచ్చే బుధవారం అన్న తిథి.

మలయా తోటల్లో పనికి పోయి, యుద్ధంలో జపాన్‌వాళ్ల రైలుబాట పనిలో ప్రాణం విడిచాడు అన్న. నాన్న అప్పటికే లేడు. ఇంట్లో మగదిక్కు లేదని ఏటా తిథి పెట్టేది ఈయనే. అన్న పోయిన రోజు ఏదో తెలిసిందీ ఈయనకే. అక్కడే ఉన్నారు, పట్టుబడిన సిపాయిగా. యుద్ధం ముగిశాక మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి కబురు చెప్పారు.

ఏటా అమ్మ అల్లుడి ఎదురుగా కూర్చుని అడుగుతుంది - "చెప్పు మాప్ళే, నా బిడ్డ కడాకి ఏం చెప్పె?" ఈయన చెబుతారు. జ్వరం, కొట్టం, పోసిన కంజి. "మా అమ్మా చెల్లెలూ ఇంక నీ పాలు బావా" అని అన్న ఈయన చేతిలో చెయ్యి వేశాడని.

ఆ మాట మీదే నన్ను ఇచ్చారు.

ఆడి 7, గురువారం

రాయకూడదనుకున్నాను. అయినా రాయాలి.

మొదటి షిఫ్టు దిగి వచ్చారు. అన్నం పెట్టాను. ఎప్పుడూ ఏదీ అడగనిదాన్ని, అడిగాను.

"ఆ పడంలో ఏముండాదని లేచిపోతిరి?"

చెయ్యి పళ్లెంలోనే ఆగింది.

"నా మెడలో విజిల్ లేదు. అంతే తేడా."

తర్వాత తల ఎత్తకుండా చెప్పారు. తోటల నుంచి తోలుకొచ్చిన కూలీల కొట్టానికి జపాన్‌వాళ్లు ఈయన్ని పెద్దను చేశారట, అరవం తెలుగు రెండూ వచ్చని. పొద్దున్నే ఇంతమందిని నిలబెట్టాలి. ఒకడు తగ్గితే వెదురుకర్ర ఈయన వీపు మీద. ఆ మచ్చలు నాకు తెలుసు. నూనె రాసింది నేనే. జ్వరం వచ్చినవాళ్లు కొట్టం వెనక పొదల్లో దాక్కునేవారట. పేరు పిలిస్తే పలకరు. అరవంలో పిలిచినా పలకరు.

"నేను తెలుగులో అడిగితిని. మనోళ్లు ఎవురన్నా ఉండారా, మీ ఇంటిపేరేమి అని."

ఇంటిపేరు. ఈ అరవదేశంలో మనవాళ్లు ఇద్దరు కలిస్తే, తిన్నావా అనేదానికి ముందు అడిగేది అది. అరవవాళ్లకు ఇంటిపేరు లేదు. అడిగాడంటే మనవాడే. చెబితే వరస తేలుతుంది - మామో, బావో, చిన్నాయనో. వరస తేలిన మనిషి దగ్గర దాక్కునేవాళ్లు మనలో ఎవరూ లేరు.

"పొదలోనించి గొంతు వచ్చె. మల్లెలోళ్లం సామీ, మదురై అనె. నేను మా ఇంటిపేరు చెప్తిని. అట్లయితే నువ్వు నాకి బావ అవుతావప్పా అని నగుతా బయటికి వచ్చె. ఒళ్లు కాలతాండె. ఆ పొద్దు ఒకడు తక్కువ..."

మల్లెలోళ్లంటే మా పుట్టింటివాళ్లే.

"తోల్తిని" అన్నారు.

మూడు రోజులు వానలో మన్ను మోశాడట అన్న. నాలుగో రోజు లేవలేదట.

"కంజి?"

"పోస్తిని. అది నిజం."

"చేతిలో చెయ్యి?"

నీళ్లచెంబు పక్కకు జరిపారు.

"అతనికి మాట పడిపాయె. చెల్లెలు ఉండాదని మాత్రం ముందే చెప్పుండె."

అంటే నన్ను ఎవరూ ఈయన చేతిలో పెట్టలేదు.

ఆడి 8, శుక్రవారం

అమ్మ వచ్చింది. సంచి విప్పగానే మురుకుల డబ్బా. నేను చెయ్యి చాపితే ఒక్కటేసింది - "నీకి కాదు మే, మా మాప్ళకి. నువ్వు నాకి పుట్టిన దానివి, ఆయప్ప నాకి దొరికినోడు."

ఆయన ఒక మురుకు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. తినలేదు, కింద పెట్టలేదు.

ఆడి 9, శనివారం

వండాను. వడ్డించాను.

ఆడి 11, సోమవారం

అమ్మ రాజమ్మక్క ఇంటికి పోయినప్పుడు, ఆయన మెల్లగా -

"చెప్పేస్తావా?"

"మీరే చెప్పండి."

"నాకి నోరు రాదు."

"ఆ పొదల దగ్గర వచ్చెనే" అన్నాను. ఇంత మాట నా నోట వస్తుందని నాకే తెలియదు.

గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. జాలి వేసింది. వేసినందుకు నా మీద నాకే కోపం. అక్కడ కొట్టారు, సరే. కర్ర పట్టుకున్నవాడు వెనక నిలబడి ఉన్నాడు, సరే. మదురైలో మా గడప మీద కూర్చుని, అమ్మ చేతి కాఫీ తాగుతూ, చేతిలో చెయ్యి వేశాడని చెప్పినప్పుడు వెనక ఎవరు నిలబడ్డారు?

చెబితే అమ్మకు కొడుకు రెండోసారి పోతాడు. అల్లుడూ పోతాడు. చెప్పకపోతే... ఎల్లుండి అన్నకు పిండం పెట్టేది ఆ చెయ్యే.

ఆడి 13, బుధవారం

పేరూరు. ఏటి గట్టు. ఆయన తడిపంచెతో కూర్చున్నారు. తిథి పెట్టించే అయ్యరు పోయినవాని పేరు అడిగారు, ఈయన చెప్పారు. "మీకు ఏం వరస?" అని అయ్యరు అడిగారు.

ఆయన నోరు తెరవలేదు. నా వైపు చూస్తున్నారు.

"ఏమి మాప్ళే, చెప్పు. అయ్యరు కాచుకోనుండారు" అంది అమ్మ.

అయ్యరు మళ్లీ అడిగారు. వెనక ఇంకా నలుగురు తిథులకు వచ్చి నిలబడి ఉన్నారు. అమ్మ మొహంలో ఏదో మారడం మొదలైంది...

"బావమరిది సామీ."

గొంతు నాదే. ఎందుకు చెప్పానో తెలియదు. ఎవరూ కొట్టలేదు.

ఆయన పిండం పెట్టారు. కాకి వెంటనే వచ్చింది. "చూడు మే, నా బిడ్డకి మాప్ళ చెయ్యంటే ఎంత ఆశో!" అని అమ్మ ఏడ్చింది.

ఇంటికొచ్చాక ఆయన రెండో షిఫ్టుకు పోయారు. అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఈ ఏడు మాప్ళ ఏమీ చెప్పలే. పావం, మనసు బాగలేదేమో. నీకి అంతా తెలుసు కదా, నువ్వు చెప్పు మే. నా బిడ్డ కడాకి ఏం చెప్పె?"

పొయ్యి మీద కూర మాడుతోందని లేచి వచ్చాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఈ పుస్తకాన్ని రెండుసార్లు నిప్పు దాకా తెచ్చాను. నా చేత కావడం లేదు. ఎవరికి దొరికితే వాళ్లు కాల్చేయండి, మీకు పుణ్యముంటుంది. పక్కన మా అమ్మ ఉంటే మాత్రం, ఇది చదవడం మీకు వచ్చని కూడా చెప్పకండి.

పిలుస్తోంది.