రెండు మీటల వెనక పేజీ

శుక్రవారం

ఎవరినీ అడగలేక ఇవాళ పెన్ను పట్టాను.

చర్చిలో ఆదివారం పాటల కాగితం కంప్యూటర్లో టైపు చేసేది నేనే. మా ఆయన పోయాక నాకు మిగిలిన సేవ అదొక్కటే. పాస్టరుగారి కోడలు రజిత నాకు కాపీ, పేస్ట్ మీటలు నేర్పింది. "తప్పు పడితే కంట్రోల్ జడ్ కొట్టు పెద్దమ్మా, ఫికర్ చెయ్యకు" అంటుంది. కానీ నేను గదిలోకి రాగానే తను రెండు మీటలు నొక్కుతుంది, తెర మారిపోతుంది. అవేమిటని అడిగితే, "గవన్నీ నీకెందుకు పెద్దమ్మా?" అని నవ్వుతుంది.

ఇవాళ తను చాయ్‌కి వెళ్లగానే, తన వేళ్లు చూసి గుర్తుపెట్టుకున్న ఆ రెండు మీటలు, ఆల్ట్, ట్యాబ్ నొక్కాను. నేను టైపు చేసిన పేజీయే వచ్చింది, తప్పులన్నిటికీ ఎర్ర గుర్తులతో. నాకు చిన్నతనం కాకుండా దిద్దుతోందా? నన్ను ఈ పని మాన్పించమని సంఘ పెద్దలకు చూపిస్తుందా? గబగబా మళ్లీ అవే మీటలు నొక్కాను.

"ఇంకా గిక్కడ్నే కూసున్నవా?" అంటూ వచ్చి, నా వేళ్ల వైపు చూసింది.

ప్రభువా, ఈ డైరీ పేజీని దాచి ఉంచు. ఎవరి కంటా పడనీయకు.