తువ్వాలు వేసిన సీటు

మాచర్ల,
3–2–2025, సోమవారం.

రేగడిపాలెం వారికి నమస్కారములు.

మీ పేరు తెలియక ఇలా రాస్తున్నాను. ఇరవై రెండేళ్లు ఎదురెదురుగా కూర్చుని కూడా పేరు అడగలేదు. అడగడం నాకు చేతకాదు. గుర్తున్నానో లేదో. సోమవారం, గురువారం పొద్దుటి పాసింజరులో లారీ ఆఫీసు కాగితాల సంచీతో గుంటూరు వచ్చేవాడిని. మీరు కుట్టిన లంగాల మూట తెచ్చి మీ హాల్టులో ఎక్కేవారు. మూట పైకెత్తి పెట్టేది నేనే.

కరోనా అని బండి ఆపారు. ఆరోజు మీరు దిగుతూ, "గురువారానికి ఎట్టుంటదో ఏమో" అన్నారు. అదే ఆఖరు. ఐదేళ్లవుతోంది.

బండి మళ్ళీ వచ్చినప్పుడు పేరు మార్చుకుని వచ్చింది. ఎక్స్‌ప్రెస్ అన్నారు. నడక పాతదే, ధర మాత్రం పెద్దది. తరవాత ధర తగ్గించారు. ఇప్పుడు కొత్త పెట్టెలు. ఇంజను విడిగా ఉండదు, రెండు కొసలా మొహమే. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి నడిచి పోవచ్చు. ఫ్యాన్లన్నీ తిరుగుతాయి. చానా బాగుంది. మీ హాల్టులో మాత్రం ఆగదు.

లారీ ఆఫీసు కాగితాలు ఇప్పుడు ఫోన్లోనే పోతున్నాయి. నాకు గుంటూరులో పని లేదు. నాకంటూ ఎవరూ లేరు గనక పొద్దు పోదు. అందుకని సోమ, గురువారాలు బండి ఎక్కుతున్నాను. పొద్దు పోకపోవడం ఒక్కటే కారణం కాదు. అది రాయలేను.

మాచర్లలో బండి ఖాళీగా బయలుదేరుతుంది గదా. ఎదురు సీటు మీద నా తువ్వాలు వేస్తాను. ఎవరైనా అడిగితే, "వస్తారు" అంటాను. పిడుగురాళ్ల దాటాక మీ హాల్టు వస్తుంది. బండి కూత వేసి పోతుంది. బోర్డు మీద మీ ఊరి పేరు 'రేగడి' దాకా చదువుతాను, మిగతాది అందదు. అప్పుడు తువ్వాలు తీసి, నిలబడ్డ వాళ్ళకు సీటు ఇస్తాను.

ఈ ఉత్తరం మన సమోసాల అన్సార్ తెస్తాడు. పిడుగురాళ్లలో దిగి మీ ఊరి మీదుగానే మోటారు సైకిలు మీద ఇంటికి పోతానని చెప్పాడు. మీ ఫోను నంబరు కనుక్కుంటానన్నాడు. వద్దన్నాను. ఫోనులో నాకు ఆఁ, ఊఁ తప్ప రావు.

పిడుగురాళ్లలో బండి ఆగుతుంది. మీ ఊరి నుంచి అక్కడికి ఆటోలు ఉన్నాయట. ఏదైనా గురువారం వస్తే, సీటు ఉంటుంది.

ఎల్లప్పుడూ మీ క్షేమం కోరే,
పెద్దన్న


రేగడిపాలెం,
13–2–2025.

పెద్దన్నయ్య గారికి చెల్లెలు వరలక్ష్మి నమస్కరించి రాసుకున్న ఉత్తరం.

అన్సార్ వచ్చి, "అక్కా, మాచర్ల బాబాయ్ ఇచ్చాడు, నిదానంగా చదువుకో" అని నవ్వుకుంటూ పోయాడు. వాకిట్లో నిలబడే చదివాను. సంతకం దాకా వచ్చాక అరుగు మీద కూర్చున్నాను.

అన్నగా నా క్షేమం కోరుతున్నందుకు సంతోషం. నాకు తోడబుట్టిన అన్నలు ముగ్గురున్నారు. నేను ఈ బండి ఎక్కడం మొదలెట్టక ముందే మా ఆయన పోయాడు. ఆనాటి నుంచి ముగ్గురూ క్షేమమే కోరుతున్నారు, దూరం నుంచి. మీరు నాలుగో వారు.

ఇక్కడి సంగతులు అడగలేదు గానీ రాస్తున్నాను. హాల్టులో టికెట్లు ఇచ్చే గదికి తాళం పడింది. ఆ అరుగు మీద ఎవరివో మేకలు కట్టేస్తున్నారు. అట్ట టికెట్టు ఒకటి నా కుట్టుమిషను సొరుగులో ఇంకా ఉంది, బొత్తాలతో పాటు. ఆఖరి రోజుది. గుంటూరు షాపాయన రెడీమేడ్ సరుకు తెప్పించుకుంటున్నాడు. "నీ లంగాలు ఇప్పుడు ఎవరు కడతారమ్మా" అన్నాడు. నిజమే, మా ఊళ్ళో పిల్లలే కట్టడం లేదు.

మిర్యాలగూడలో మా చెల్లెలు మాధురి ఉంది. వచ్చి తన దగ్గర ఉండమని ఏడాదిగా పోరు పెడుతోంది. ఇన్నాళ్ళూ ఏదో ఒక వంక చెప్పాను. మీ ఉత్తరం చదివాక వంకలు అయిపోయాయి. ఉగాది వెళ్ళగానే పోతున్నాను. మిషను బేరానికి పెట్టాను.

పిడుగురాళ్ల రావడం కుదరదు అన్నయ్యా. ఆ తువ్వాలు మడిచి దాచుకోండి. సీటు నిలబడ్డ వాళ్ళకు మొదటే ఇవ్వండి, పుణ్యం.

ఇట్లు,
మీ చెల్లెలు,
వరలక్ష్మి


మాచర్ల,
6–3–2025, గురువారం.

చెల్లెలు వరలక్ష్మికి,

పై మాట రాయడానికి రెండు కాగితాలు చింపాను. మూడు వారాలు పట్టింది. మీరు వరస కలిపాక నేను కాదనకూడదు.

మీ పేరు తెలిసింది. సంతోషం.

ఒక్క సంగతి రాస్తాను. ఇక మీద రాయను. బండిలో ఎక్కిన ప్రతివాళ్ళూ నన్ను ఏదో ఒక వరస పెట్టి పిలిచేవారు. అన్నయ్యా, బాబాయ్, మామా. జుట్టు నెరిశాక తాతా. ఆకుకూరల గ్రేసమ్మ నాకన్నా పెద్దది, ఆమె కూడా "అన్నా, కాస్త జరుగు" అనేది. మీరు ఏ వరసా పెట్టలేదు. "ఇదిగో, మూట అందుకోండి." "ఇదిగో, గుంటూరు వచ్చింది." అంతే. మొదట్లో నా మీద చిన్నచూపేమో అనుకున్నాను. తరవాత వేరేగా అనుకున్నాను. అలా అనుకోవడమే నా తప్పు.

వాగు పొంగి సత్తెనపల్లి ఇవతల బండి నాలుగు గంటలు ఆగిన రోజు మీకు గుర్తుందా? డబ్బా మూతలో పులిహోర పెట్టి, "ఇదిగో, తినండి" అన్నారు. పక్కనున్న ముసలమ్మ, "ఏమే, నీ మొగుడా? నోట్లో నాలుక లేని మనిషిలా ఉండాడే" అంది. మీరు అవుననలేదు, కాదనలేదు. కిటికీ వైపు తిరిగారు. నేను మిరపకాయ కొరికి దగ్గుతూ ఉండిపోయాను. అప్పటి నుంచి సోమవారం కోసం, గురువారం కోసం బతికాను. మధ్య రోజులు ఊరికే గడిచేవి.

నాకు అన్నం తినమన్న పిలుపు 'ఇదిగో' ఒక్కటే. అది పోయి 'అన్నయ్యా' వచ్చింది. తప్పేమీ లేదు. మంచి పిలుపే.

ఈరోజు బండి ఎక్కలేదు. ఇక ఎక్కను. మిర్యాలగూడలో సుఖంగా ఉండండి. మిషను మాత్రం అమ్మకండి. మీ చేతికి అలవాటైనది.

మీరు పిలిచినట్టే,
మీ అన్న,
పెద్దన్న


రేగడిపాలెం,
17–3–2025, సోమవారం.

ఇదిగో,

ముందు నవ్వాను. తరవాత ఏడ్చాను. పక్కింటి కోటేశ్వరి వచ్చి, "ఏందొదినా, ఫోన్లో వీడియో చూస్తున్నావా?" అంది. అవునన్నాను.

మీ ఉత్తరం చివర 'మీ అన్న, పెద్దన్న' అని ఉంది. ఒక మనిషికి ఇన్ని 'అన్న'లేంది అనుకున్నాను. నాలుగు రోజులు అదే ఆలోచన. ఇవాళ అన్సార్ బండిని దారికి అడ్డం నిలబడి ఆపాను.

"ఒరేయ్ అన్సారూ, మీ మాచర్ల బాబాయ్ నాకు పెద్దన్న ఎప్పుడయ్యాడ్రా?"

వాడు హెల్మెట్ తీసి నా మొహం చూశాడు. "నీకు అవడమేందక్కా? ఆయన పేరే పెద్దన్న. సీజన్ టికెట్టు మీద కళ్ళారా చూశా. టీసీ కూడా అట్టనే పిలిచాడు."

"పేరా?"

"పేరే. ఏం, నీకు తెలవదా? ఇరవయ్యేళ్ళు ఆయన ముందరేగా కూర్చున్నావ్?"

వాడి ముందు నా పరువు పోయింది. రెండు సమోసాలు ఊరికే ఇచ్చి పోయాడు, జాలిపడి.

ఇదిగో, మీ అమ్మ అదేం పేరు పెట్టిందండీ? ఊళ్ళో మరో పేరే దొరకలేదా? 'ఎల్లప్పుడూ మీ క్షేమం కోరే పెద్దన్న' అని రాస్తే ఆడది ఏమనుకోవాలి? తువ్వాలు గురించి అంత రాసి, చివర్లో అన్నగా నిలబడ్డారే అని నాకు కడుపు మండింది. అందుకే మీకు నొప్పి తగలాలని వరస కలిపి రాశాను. తగిలింది. నాకూ తగిలింది.

ఇంతదాకా వచ్చాక దాచను. బండిలో ఆడవాళ్ళందరూ పరాయి మగాణ్ణి అన్నయ్యా అనే పిలుస్తారు. అదే మర్యాద, అదే ధైర్యం కూడా. మొదటి ఏడాది ఆ మాట నా నాలుక చివరికి వచ్చింది. మింగేశాను. ఒకసారి అన్నానంటే ఇక వెనక్కి తీసుకోలేను. అందుకే 'ఇదిగో'తో నెట్టుకొచ్చాను. ఇరవై రెండేళ్ళు ఒక మనిషిని పిలవకుండా పిలవడం ఎంత కష్టమో మీకేం తెలుసు.

బండి మా ఊళ్ళో ఆగకపోయినా కూత వినపడుతుంది. వినపడగానే మిషను తొక్కడం ఆపుతాను. కోటేశ్వరి అడిగితే దారం తెగిందంటాను. సోమ, గురువారాల్లోనే ఎందుకు తెగుతుందో ఆమె ఇంకా లెక్క కట్టలేదు.

మాధురి ఫోన్ చేసి, "టికెట్టు తీసుకున్నావా లేదా? అరవై దాటినాక ఒక్కదానివి ఆడ ఎవరి కోసం కూసున్నవ్?" అని అడిగింది. ఏం చెప్పాలో మీరు చెప్పండి. మీరు చెప్పకపోతే ఉగాది తెల్లారి పోతాను. ఈసారి కాగితాలు చింపుతూ మూడు వారాలు కూర్చుంటే నేను ఉండను.

ఈ గురువారం ఆటోలో పిడుగురాళ్ల వస్తున్నాను. మూట ఉండదు. సీటు ఉందా, లేదా?

వరలక్ష్మి
(చెల్లెలు కాదు)


మాచర్ల,
19–3–2025, బుధవారం.

ప్రియమైన వరలక్ష్మికి,

ఈ ఉత్తరం అన్సార్‌కు ఇవ్వలేదు. రేపు పొద్దున మాచర్లలో బండి ఎక్కి, ఎదురు సీటు మీద పెట్టి, పైన తువ్వాలు వేస్తాను. మీరు కూర్చోబోతూ తువ్వాలు తీస్తారు గదా. అప్పుడు దొరుకుతుంది. తువ్వాలు ఉతికిందే.

మీరు ఎక్కేసరికి నేను సీటులో ఉండను. తలుపు దగ్గర నిలబడి ఉంటాను. ఎదురుగా కూర్చుంటే మీరు చదువుతుంటే చూడలేను. కొత్త పెట్టెలో తలుపు దూరం, భయపడకండి, దిగిపోను.

మీరడిగినదానికి జవాబు. మిర్యాలగూడ వెళ్ళకండి.

ఇది రాయడానికి కాగితం చింపలేదు.

ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి. నోటితో చెబుతాను. గుంటూరు దాకా టైముంది. చాలకపోతే సాయంత్రం అదే బండి వెనక్కి వస్తుంది. సీజన్ టికెట్టు మీకూ ఒకటి తీసుకోవచ్చు. దాని మీద ఫొటో, పేరు రాస్తారు. మీ పేరు ఇప్పుడు నాకు తెలుసు.

కాసేపట్లో మీ హాల్టు వస్తుంది. బండి ఆగదు. కూత వేసి పోతుంది. ఈసారి ఊరి పేరు చివరిదాకా ఇద్దరం చదువుదాం. సగం మీరు, సగం నేను.

చదవడం అయ్యాక నన్ను పిలవండి. వెంటనే వస్తాను. ఎప్పటిలాగే పిలవండి.

పేరు పెట్టి మాత్రం పిలవకండి.

మీ
మాచర్ల ఆయన