నోట్లో తెల్ల పూత

పంతులమ్మా,

నిద్ర లేపబుద్ధి కాలేదు. ఆరింటికి బస్సు తీయాలి, వెళ్తున్నా.

బల్ల మీది పసుపు మందు నీ నోటికే. సీసా బాగా కుదుపు. జావ తాగాక పళ్ళసెట్టు తీసేసి, మూతలో గీత దాకా పోసుకుని, కాసేపు నోరంతా తిప్పి మింగెయ్. తర్వాత అరగంట మంచినీళ్ళు కూడా వద్దు. ఇంట్లో ఎవరూ ఉండరు, పళ్ళు తీయడానికి సిగ్గుపడకు.

నాలుగు రోజులుగా ముద్ద పెడితే మొహం తిప్పుకుంటున్నావు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నావు. నా మీద అలిగావనుకుని, "తింటే తిను, లేకపోతే మానెయ్" అని కసిరి నేనూ మూతి ముడుచుకున్నా. నిన్న నువ్వు ఆవలిస్తే కనబడింది. నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లా తెల్లగా ఉంది. నీ కాన్సర్ డాక్టరుకి ఫోన్ చేశా. "కీమోతో ఒంట్లో శక్తి తగ్గింది కదండీ, అదను చూసి బూజు పట్టింది. మందు వాడితే పోతుంది" అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లల చేత నోరు తెరిపించి పాఠాలు అప్పజెప్పించుకున్నదానివి, మొగుడి దగ్గర నోరు మూసుకున్నావా?

మింగేటప్పుడు గొంతులో నొప్పి పుడితే వెంటనే ఫోన్ చెయ్. బస్సు పక్కకి ఆపి మాట్లాడతా.

ఇంకోటి. డాక్టరు "ఇంకేమైనా అడగాలా?" అన్నాడు. అసలు జబ్బు తగ్గుతోందా అని అడుగుదామనుకున్నా. నోరు పెగల్లేదు.